బుదరి రోజు

అనగా అనగా, చరిత్ర రాజులకే తప్ప జనానికి లేని రోజుల్లో, ఒక కొండ కింద ఒక వాడ. ఆ వాడలో పుట్టిన వారాన్ని బట్టి పేరు పెట్టేవారు. సోమవారం పుడితే సోంబారి. మంగళవారం పుడితే మంగిలి. బుధవారం పుడితే బుదరి. కొండచీపుళ్ళు కట్టుకుని బతికిన ఒక బుదరి కథ ఇది.

వాడకు ఒక భాష ఉండేది. లిపి లేదు, బడి లేదు. ఆ భాషలో సాగనంపే మాట ఒకటుండేది. మనిషి పోతే, అయినవాళ్ళు చెవిలో ఆ మాట చెప్పాలి. చెప్పకపోతే ఆ ప్రాణం గడప దాటలేక చీకట్లో తడుముకుంటుందని నమ్మేవారు.

రాజు ఆ భాషను నిషేధించాడు. సంతలో మాట్లాడితే కొరడా. చేలో మాట్లాడితే కొరడా. ఇంట్లో మాట్లాడితే చెర. కొన్నేళ్ళకు పొరుగు రాజ్యాల పండితులు వేలెత్తి చూపారు. రాజుకు తలకొట్టేసినట్టయింది. దండోరా వేయించాడు.

"వినండహో! అన్ని భాషలూ ప్రభువుల బిడ్డలే! ఏటా మాఘ పున్నమి తల్లిభాషల పండగ! ఆ ఒక్కనాడు ఎవరి భాష వారు మాట్లాడుకోవచ్చహో!"

గుంజుకున్న హక్కును ఒక్క రోజుకు కుదించి ఇవ్వడం దానం కాదు, దోపిడీ. అయినా జనం చప్పట్లు కొట్టారు. బుదరి కొట్టలేదు.

"తలారయ్యా, మిగతా రోజుల్లో చచ్చేవాళ్ళ సంగతేంటి?"

"పున్నమిదాకా ఊపిరి బిగబట్టుకోమను!" అన్నాడు తలారి. అందరూ నవ్వారు. భయపడ్డవాళ్ళ నవ్వు అది.

పండగ వచ్చింది. వాడవాళ్ళను కోటలో నిలబెట్టి, దండలు వేసి, పాడమన్నారు. పాడారు. మర్నాడు పొద్దున్నే బుదరి తల్లి పోయింది.

బుదరి వంగి, తల్లి చెవి దగ్గర నోరు పెట్టింది. గుమ్మంలో తలారి.

"ఒసే బుదరీ, ఇవాళ మీ రోజు కాదే."

"మా అమ్మకు నిన్న చావడం కుదరలేదయ్యా."

"ఇవాళ మీ రోజు కాదు."

"ఏడు వారాల పేర్లూ మా వాడలోనే ఉన్నాయి. మాది కాని రోజేదో చూపించు."

"ఇవాళ మీ రోజు కాదన్నానా!"

బుదరి ఆ మాట చెప్పేసింది. చెవిలో కాదు, వాడంతా వినేలా.

చెరలో పడేశారు. తప్పయిందని ఒప్పుకుంటే వదిలేస్తామన్నారు. "ఏ భాషలో ఒప్పుకోమంటారు?" అంది బుదరి. మళ్ళీ అడిగారు. అదే జవాబు. మూడోసారి అడగడానికి వెళ్ళేసరికి చల్లబడిపోయి ఉంది.

శవాన్ని వాడకు తెచ్చారు. బుదరికి పిల్లల్లేరు. వాడలో అందరూ అయినవాళ్ళే, ఎవరు చెప్పినా చాలు. తలారి పక్కనే నిలబడి, "ఇవాళ మీ రోజు కాదు" అన్నాడు. వాడంతా అక్కడే ఉంది. గొంతులన్నీ అక్కడే ఉన్నాయి. ఒక్కటీ పెగల్లేదు. ఆ మాట వినకుండానే బుదరి కాటికి వెళ్ళింది.

రాజు పోయాడు. కోట కూలింది. పున్నమి పండగ మాత్రం దండలతో, ఉపన్యాసాలతో ఇంకా సాగుతోంది. వాడవాళ్ళు వెళ్ళరు.

ఇప్పటికీ అక్కడ ఎవరైనా పోతే, ముందుగా ఒక ముసలమ్మ అడుగుతుంది.

"ఇవాళ ఎవరి రోజర్రా?"

"బుదరి రోజు!" అంటారందరూ, శుక్రవారమైనా, ఆదివారమైనా.

తర్వాత సాగనంపే మాట రెండుసార్లు చెబుతారు. ఒకటి పోయినవాళ్ళకు. ఒకటి ఆనాడు చెప్పనందుకు బుదరికి.

ఆ భాషలో వాళ్ళకు ఇప్పుడు వచ్చింది ఆ ఒక్క మాటే.