తుంగ వంతు

కూర్మదాసుగారికి ఒక అలవాటు ఉండేది. ఏడు దుర్గాల కథ చెబుతూ చెబుతూ, తుంగ వంతు వచ్చేసరికి ఆయన చిరతలు పక్కన పెట్టి, కాళ్ళ గజ్జెలు విప్పి, పీట మీద కూర్చునేవారు. యువరాజు రణకేసరి వంతు నిలబడి చెప్పేవారు. మాయలాడి వంతు అటూ ఇటూ తిరుగుతూ చెప్పేవారు. గజదొంగ వంతయితే గెంతులే గెంతులు. తుంగకు మాత్రం పీట. ఎవరి వంతు నడుస్తుంటే వాళ్ళ కళ్ళకు కనబడేదే చెప్పాలి తప్ప ఇంకో ముక్క చెప్పకూడదని ఆయన పట్టుదల. తుంగ కళ్ళకు కనబడేదల్లా ఒక్క గది. విషం పెట్టడంవల్ల మాటా కదలికా పోయిన ముసలి రాజుకు ఆ దాసి జావ తాగిస్తూ ఉంటుంది. పొయ్యి రాజేస్తుంది, జావ కాస్తుంది, ముంజేతి మీద చుక్క వేసుకుని వేడి చూస్తుంది, ఒక చెంచా పోస్తుంది, గుటక పడేదాకా ఆగుతుంది. బయట కోటలు కూలుతున్న సంగతి ఆమెకు తెలియదు.

ఆయన గజ్జెల మీద చెయ్యి వెయ్యగానే కథ జరిగే సత్రం వసారాలో సగం మంది లేచేవారు. టీకొట్టువాడు తుంగ పేరు చెప్పుకుని బతుకుతున్నాడని ఊళ్ళో వేళాకోళం. లేవని వాళ్ళలో కొందరు స్తంభాలకు చేరగిలబడి కునుకు తీసేవారు. అక్కడ రాకుమారుడు సంకెళ్ళలో మగ్గుతుంటే మధ్యలో ఈ జావ గోలేమిటని విసుక్కునేవారు కొందరు. లెక్కల మాస్టారొకాయన మాత్రం, తుంగ లేకపోతే ఆ యుద్ధాలన్నీ ఎవరికోసమని గట్టిగా వాదించేవారు. వాదించి వాదించి నోరెండిపోయాక ఆయన కూడా టీకే వెళ్ళేవారు, నేను చూశాను. దాసుగారి పేరు పట్టుకుని తాబేలుదాసు అన్నవాళ్ళకు లోటు లేదు. ఆయన విని నవ్వేవారు. పీట మానింది మాత్రం లేదు.

ఒక వేసవిలో దాసుగారికి గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. ఆ సాయంత్రం కథ శిష్యుడు రామజోగి చెప్పాడు. మంచి గాత్రం, చురుకైన కాలు, పాతికేళ్ళ వయసు. అతను తుంగ వంతును ఎత్తి పక్కన పెట్టి, రాకుమారుడి చెరసాలకూ గజదొంగ తవ్విన సొరంగానికీ ముడి వేసేశాడు. గజ్జెలు ఒక్క క్షణం ఆగలేదు. ఒక్కడూ లేవలేదు. చప్పట్లతో వసారా దద్దరిల్లింది.

పొగరుతో చేసిన పని కాదు. గురువు పీట వేసుకోగానే జనం ఆయనకు వీపు చూపించి పోవడం చూసి చూసి అతని మనసు నొచ్చుకుంది. మర్నాడు గురువు కాళ్ళ దగ్గర కూర్చుని అదే అడిగాడు.

"గురువుగారూ, నిన్న తుంగ వంతు తీసేశాను. ఏమయిందని ఒక్కరూ అడగలేదు. ఎవరికీ అక్కర్లేని వంతు మనమెందుకు మొయ్యాలండీ?"

దాసుగారు కోప్పడలేదు. లేచి, శిష్యుడి చెయ్యి పట్టుకుని సత్రం వెనక్కు నడిపించారు. వసారా గోడకు ఆనుకుని అవతల ఒక గది ఉంది. ఆ గోడకో చిన్న కిటికీ. దాసుగారు పీట ఎప్పుడూ ఆ కిటికీ పక్కనే వేసుకునేవారు, గాలి కోసమని అందరూ అనుకునేవాళ్ళం. ఇక్కణ్ణుంచి జరిగింది నాకు తర్వాత రామజోగే చెప్పాడు.

ఆ గదిలో గంగునాయుడు ఉంటాడు. ఒకప్పుడు బెల్లం బజారులో కాటా వేసేవాడు. మంచం మీద అతని భార్య పైడమ్మ. పక్షవాతం వచ్చి మాట పడిపోయింది, కుడివైపు కదలదు. మంచం పక్కన ముక్కాలిపీట మీద జావగిన్నె ఉంది. జావ మీద మీగడ కట్టి పగుళ్ళిచ్చింది.

దాసుగారిని చూసి గంగునాయుడు గబుక్కున లేచాడు.

"ఏటయిందండీ బాబూ? నిన్న మీరు కూకోలేదేటి? గజ్జెలెప్పుడాగుతాయా అని సూసి సూసి జావ సల్లారిపోనాది."

రామజోగికి అర్థం కాలేదు. గంగునాయుడే చెప్పాడు. "ఆ తుంగమ్మ రాజుగారికి తాగిత్తాది సూడండి, ఆ మాటలింటేనే ఇది నోరు తెరుత్తాది. మీ మాట ఆగిన కాడ ఇదీ ఆగుతాది, గుటకేత్తాది. నాను ఊరికే పోత్తే పొలమారిపోతాదండి. మొన్న రేతిరి తిన్నదే. నిన్న బొట్టు దిగనేదు." తప్పు తనదే అన్నట్టు, "నానే రెండు మాటలు సెప్పి సూసినానండి. నాకు రాలేదు," అన్నాడు.

దాసుగారు శిష్యుడికి నేల చూపించారు, కూర్చోమని. గంగునాయుడు జావ వెచ్చబెట్టి తెచ్చాడు. రామజోగి గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"తుంగ పొయ్యి రాజేసింది. జావ కాచింది. రాజుగారికి తాగించింది."

అయిపోయింది. తరవాత ఏమిటో అతనికి తెలియదు. గురువు దగ్గర ఇన్నాళ్ళుండి రణకేసరి పద్యాలన్నీ నోటికి పట్టాడు, గజదొంగ గెంతులన్నీ కాలికి పట్టాడు. జనం లేచిపోవడం చూడలేక, తుంగ వంతు వచ్చినప్పుడల్లా అతనూ టీకొట్టు దగ్గరే ఉండేవాడు. పైడమ్మ కళ్ళు అతని మీదే ఉన్నాయి. పెదవులు విడలేదు. గంగునాయుడి చేతిలో చెంచా అలాగే ఉండిపోయింది.

అప్పుడు దాసుగారు వంగి, తనకున్న కాస్త ఊపిరితో శిష్యుడి చెవిలో ఒక్క వాక్యం ఊదారు. రామజోగి దాన్ని పైకి అన్నాడు.

"తుంగ చెంచా అడుగు గిన్నె అంచుకు రాసి తుడిచింది."

మళ్ళీ చెవిలో ఊపిరి. అది అందేదాకా ఆగడం తప్ప అతనికి దారి లేదు.

"రాజుగారి గడ్డం కింద చెయ్యి పెట్టింది."

ఆగాడు.

"తొందరేం లేదు తండ్రీ, నాకు వేరే పనేం లేదు, అంది."

పైడమ్మ నోరు కొంచెం తెరుచుకుంది. గంగునాయుడు చెంచా వంచాడు. గదిలో ఎవరూ కదల్లేదు. చాలాసేపటికి గుటక పడింది. రామజోగికి కళ్ళ నిండా నీళ్ళు వచ్చాయి, తుడుచుకుంటే పైడమ్మ చూపు చెదురుతుందేమోనని చేతులు కదపలేదు. అలా సగం గిన్నె దిగేసరికి ఎండ గుమ్మం దాటిపోయింది.

ఆనాటి నుంచి పీట మీద రామజోగే కూర్చున్నాడు. జనం మామూలుగానే లేచేవారు, అతనికి మామూలుగానే కష్టమనిపించేది. కానీ వాక్యానికీ వాక్యానికీ మధ్య కిటికీ వైపు చెవి వేసి, అవతల చెంచా గిన్నెకు తగిలిన చప్పుడు విన్నాకే తరవాతి మాట ఎత్తేవాడు. దాసుగారు పక్కన చాప మీద పడుకుని వినేవారు.

పైడమ్మ ఆ వేసవి దాటలేదు. రెండోసారి వచ్చిన పక్షవాతం ఆమెను తీసుకుపోయింది. కథ ఆమెను బతికించలేదు, ఉన్నన్నాళ్ళూ నాలుగు గుక్కల జావ దిగనిచ్చింది, అంతే. గోడ అవతల చావు కాబట్టి కొన్నాళ్ళు కథ ఆపేశారు.

మళ్ళీ మొదలైన సాయంత్రం గంగునాయుడు వసారాలోకి వచ్చి అందరికంటే ముందు కూర్చున్నాడు. ఇన్నేళ్ళు గోడ అవతలి నుంచి విన్న మనిషి జనంలో కూర్చోవడం అదే మొదలు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకసారి మోకాళ్ళ మీద, ఒకసారి ఒళ్ళో పెట్టుకుంటున్నాడు. నాకు అతని వైపు చూడబుద్ధి కాలేదు. రణకేసరి వంతు ముగిసింది. జనం కండువాలు దులుపుకుని లేస్తున్నారు. రామజోగి పీట దాకా వెళ్ళి ఆగిపోయాడు, వెనక్కి వచ్చి గురువు దగ్గర వంగాడు.

"గురువుగారూ, ఆయన ఎదురుగానే కూర్చున్నాడు. జావ మాట ఎత్తానంటే తట్టుకోలేడు. ఆవిడ కూడా లేదాయె. ఇవాళ్టికి వదిలేస్తాను. పోనీ, రెండు ముక్కల్లో తేల్చేస్తాను."

దాసుగారికి గొంతు అప్పటికి కొంత తిరిగొచ్చింది. ఆయన గంగునాయుడి వైపు చూశారు. చుట్టూ చాపలన్నీ ఖాళీ అయిపోయాయి. గంగునాయుడు మాత్రం కదలకుండా, తుంగ వంతు ఎప్పుడు మొదలవుతుందా అని చూస్తున్నాడు.

"ఇవాళ ఇంకాస్త నెమ్మదిగా చెప్పు నాయనా," అన్నారు దాసుగారు.