పచ్చ హోటలుకు నీటికుక్క సాక్ష్యం

తూర్పు కనుమల్లోని ఒక కొండవాగులో చేపలూ పీతలూ పట్టుకుని బతికే నీటికుక్క ఒకటుండేది. పేరు గంగులమ్మ. దానికి మూడు పిల్లలు. వాగొడ్డున వెదురుపొదలు నరికి హోటల్ కట్టినప్పుడు అడవిలో అందరికంటే ఎక్కువ భయపడింది అదే.

"భయం దేనికక్కా?" అంది నక్క. "ఇది అన్ని హోటళ్లలాంటిది కాదు. అడవిని కాపాడే హోటల్. ఎండతో వెలిగే దీపాలు. ప్లాస్టిక్ సీసా కనబడితే మేనేజరు గారు మండిపడతారు. రోజూ వంటింటి వెనకాల తిరిగేవాణ్ణి, నాకు తెలీదూ?"

నక్క చెప్పినవన్నీ నిజమే. చెప్పనిది ఒకటుంది. గదుల్లో దుప్పట్లు ఉతికిన సబ్బునీళ్లు రాళ్ల కింద వేసిన గొట్టంలోంచి వాగులోకే వచ్చేవి. రెండు నెలలు తిరక్కుండానే నీళ్ల మీద నురగ తేలింది. చేపలు తగ్గాయి. గంగులమ్మ చిన్నపిల్లకి కళ్లు ఎర్రబడి రెప్పలు అతుక్కుపోసాగాయి. తల్లి వాటిని నాకుతూ కూర్చునేది.

ఒకనాడు నక్క పరుగున వచ్చింది.

"అక్కా, ఆదివారం పట్నం నుంచి పరీక్షించేవాళ్లు వస్తున్నారు. అడవికి హాని లేదని తేలితే హోటలుకు పచ్చబోర్డు ఇస్తారు. వాళ్ల ముందు నువ్వూ పిల్లలూ కాసేపు ఈదండి, చాలు."

"కళ్లు మండే నీళ్లలోనా?"

"గొట్టం మూసేశారు, వెళ్లి చూసుకో. బోర్డు వస్తే ఇక ఎప్పటికీ తెరవరట. రాకపోతే మాత్రం హోటల్ ఎత్తేసి ఈ కొండని క్వారీకి ఇచ్చేస్తారట. ఆ తర్వాత నీ ఇష్టం."

గంగులమ్మ వెళ్లి చూసింది. గొట్టం మూసే ఉంది. నీళ్లు తేటపడుతున్నాయి.

"వెళ్లకే తల్లీ," అంది ముసలి తాబేలు. "ఆ రోజు నువ్వు కనబడకపోతే, ఇక్కడి నీటికుక్కలేమయ్యాయని వాళ్లే అడుగుతారు. గొట్టం సంగతి అప్పుడే బయటపడుతుంది."

"అడక్కపోతే, తాతా? క్వారీ వస్తే పిల్లల్ని ఎక్కడ దాచుకోను?"

తాబేలు తల డిప్పలోకి లాక్కుంది.

ఆదివారం గంగులమ్మ పిల్లలతో వాగులోకి దిగింది. చిన్నపిల్ల కళ్లు తెరవలేక తల్లి వీపుకి ముట్టె ఆనించుకుని ఈదింది. వరండాలో ఉన్నవాళ్లు ముచ్చటపడి చప్పట్లు కొట్టారు. "నీళ్లు బాగుంటేనే నీటికుక్క ఉంటుంది" అని ఒకాయన కాగితం మీద రాసుకున్నాడు. పరీక్షకని తెచ్చిన సీసాని నింపకుండానే సంచిలో పెట్టేసుకున్నాడు.

పచ్చబోర్డు వచ్చింది. అది చూసి జనం విరగబడ్డారు. గదులు నిండాయి, దుప్పట్లు పెరిగాయి. పాత గొట్టం తెరిచి, పక్కన ఇంకొకటి వేశారు.

చేపలు తెల్లటి పొట్టలతో తేలాయి. తిండి లేక చిన్నపిల్ల చచ్చిపోయింది. దాన్ని నోట కరుచుకుని గంగులమ్మ నక్క దగ్గరికి వెళ్లింది. నేల మీద పడుకోబెట్టి అడిగింది.

"తమ్ముడూ, ఆ వచ్చినవాళ్లని మళ్లీ పిలవమని హోటలువాళ్లకి చెప్పు."

నక్క కోడికాలు నములుతూ అంది: "పిలిచి ఏం చెబుతావక్కా? నీళ్లు బాగున్నాయని రాసింది నిన్ను చూసే కదా. గోడ మీద నీ ఫోటో కూడా పెట్టారు."

"మరి క్వారీ?"

"అది నేనే అల్లాను. లేకపోతే నువ్వు వచ్చేదానివా?"

గంగులమ్మ పిల్లని మళ్లీ నోట కరుచుకుని వాగొడ్డుకి వచ్చింది. చచ్చిన పిల్లని ఇసుకలో పూడ్చి, మిగిలిన రెండింటినీ తీసుకుని వాగు వెంట పైకి బయల్దేరింది. పైన ఎండిన బండలే తప్ప మడుగు లేదని దానికి తెలుసు. అయినా నడిచింది.

"ఎక్కడికే తల్లీ?" అని తాబేలు వెనకనుంచి పిలిచింది.

"తెలీదు తాతా."

భయపడి ఒక్కసారి బాగున్నామని చెప్పినవాళ్ల ఏడుపు ఆ తర్వాత ఎవరి చెవికీ ఎక్కదు.