ఓబక్క ఎండ తీర్పు

అనగా అనగా అంటూ మీ అవ్వలు మొదలుపెడతారే, ఆ మొదటి 'అనగా' కంటే వెనకటి మాట ఇది. నేను కళ్ళారా చూశాను. అప్పటికి నేనింకా పుట్టలేదు. అయినా చూశాను. కాదన్నవాడు లేచి వెళ్ళొచ్చు.

పులిబోను కనుమకు మూడు మలుపులు. మూడో మలుపులో చెట్టు లేదు, పుట్ట లేదు, కాకికి కూడా నీడ పడదు. అక్కడ ఓబక్క ఉండేది. కింద ఊటబావి నుంచి నీళ్ళు మోసుకొచ్చి, కాగిపోయిన బండ్లకు పోసేది. నెత్తిన కడవ, కడవ మీద కడవ, దాని మీద ఇంకో కడవ. చుక్క తొణికేది కాదు. ఆమె దగ్గర తొణికేదల్లా కోపమే.

ఆ సీమకు ఒక దొర. దొరకు ఒక పాత కారు. కారుకు ఒక డ్రైవరు, దస్తగిరి. మిట్టమధ్యాహ్నం బయల్దేరితే గెలుపు తప్పదని జోస్యుడు చెప్పాడు. అందుకని దొర ఎప్పుడూ మిట్టమధ్యాహ్నమే కనుమ ఎక్కేవాడు.

ఒకసారి మూడో మలుపులో కారు ఆగింది. ఓబక్క రేడియేటరు నిండా నీళ్ళు పోసింది. కారు కదల్లేదు. కాలిన రేకు తగిలి, తొణకని చెయ్యి కాస్తా తొణికింది. ఇంజను పక్కన, దానికి పెట్రోలు తోడే చిన్న పంపు మీద నీళ్ళు పడ్డాయి. కాసేపటికి కారు గుర్రుమంది.

"దొరా, రోగం ఈ పంపులో ఉంది. దీనికి ఎండదెబ్బ" అంది ఓబక్క.

"నీళ్ళు మోసేదానివి, నీళ్ళు మొయ్యి" అన్నాడు దొర.

పట్నం నుంచి కార్లు బాగుచేసే మేస్త్రీని పిలిపించాడు. మేస్త్రీ పొద్దున్నే చల్లటి షెడ్డులో కారు చూశాడు. ప్లగ్గులు విప్పి తుడిచాడు. ఒక్క తిప్పుకే కారు పలికింది. "కారు బంగారం. డ్రైవరే కావాలని ఆపుతున్నాడు" అన్నాడు. దొర దస్తగిరి తలగుడ్డ ఊడబెరికి కాళ్ళ కింద తొక్కాడు.

ఓబక్కకు కోపమొచ్చింది. ఆమె కడవలో నీళ్ళు గోరువెచ్చనయ్యాయి.

రెండోసారి ఆగింది. రెండో మేస్త్రీ వచ్చాడు, మొదటివాడికంటే పెద్ద మీసం. చల్లటి షెడ్డులో కార్బురేటరు విప్పాడు. ఒక్క తిప్పుకే కారు పలికింది. "కారు బంగారం. డ్రైవరే" అన్నాడు. దస్తగిరి వీపున పన్నెండు కొరడా దెబ్బలు పడ్డాయి.

ఓబక్కకు కోపమొచ్చింది. కడవలో నీళ్ళు కాగాయి.

మూడోసారి ఆగింది. మూడో మేస్త్రీ సముద్రం దాటి వచ్చాడు. చల్లటి షెడ్డులో పంపునే విప్పాడు. లోపలి పొర పట్టి చూశాడు, చిల్లు లేదు. స్ప్రింగు నొక్కి చూశాడు, విరగలేదు. "కారు బంగారం. డ్రైవరే" అన్నాడు. దొర ఊగిపోయాడు. "ఈసారి ఆగిందా, అదే మలుపులో, అక్కడి బండ మీదే వీడి పది వేళ్ళూ సుత్తితో చితగ్గొట్టిస్తా!"

ఓబక్కకు కోపమొచ్చింది. కనుమలో బండలు టపటపా పగిలాయి. కావాలంటే వెళ్ళి చూసుకోండి, పగుళ్ళు ఇంకా ఉన్నాయి.

మళ్ళీ మిట్టమధ్యాహ్నమైంది. దొర, ముగ్గురు మేస్త్రీలు, సుత్తి పట్టిన బంటు, అందరూ ఆ కారులోనే ఇరుక్కుని కనుమెక్కారు. మూడో మలుపులో కారు దగ్గింది, దగ్గింది, దగ్గింది. ఆగింది.

దస్తగిరి దిగి బండ మీద చేతులు పెట్టాడు. "అక్కా, తాగడానికి వద్దు. ఈ చేతుల మీద పొయ్యి. ఆఖరిసారి కడుక్కుంటా" అన్నాడు.

ఓబక్క మూడు కడవలూ దించింది. "ఎవడ్రా సుత్తి ఎత్తేది?" అని అరిచింది. అవతలి కొండలో మేకలు పలుపులు తెంపుకున్నాయి. మూడు గద్దలు రాలిపడ్డాయి. నేనే ఏరాను. బంటు సుత్తి జారవిడిచి, తన కాలే చితగ్గొట్టుకున్నాడు.

మేస్త్రీలు గొడుగులు తెరిచారు.

"మూయండి గొడుగులు! నీడలో చూసి ఎండరోగం చెప్పిన మొనగాళ్ళు! ఎండలోకి రండి!"

"నీళ్ళు మోసేదానివి..." అని దొర మొదలుపెట్టాడు.

"నీళ్ళు మోసేదాన్నే! కాగేదేదో, చల్లబడేదేదో నాకు కాక నీకు తెలుస్తుందా?" అంటూ దొర చెయ్యి పట్టి పంపు మీద అదిమింది. దొర కుయ్యోమన్నాడు. పంపు కింద గాజు గిన్నె ఉంది. అందులో పెట్రోలు బుడబుడా బుడగలు కక్కుతోంది.

"సంగటికి ఎసరు ఎప్పుడూ చూళ్ళేదా? పెట్రోలు కాగి ఆవిరవుతోంది. పంపు ఆవిరి పీలుస్తోంది. ఆవిరి తాగి ఏ ఇంజను నడుస్తుంది? పొద్దున షెడ్డులో చూస్తే ఈ ఎసరు కనపడుతుందా? దీనికి తడిగుడ్డ చుట్టాలి!"

గుడ్డ అనగానే దస్తగిరి అలవాటుకొద్దీ నెత్తి తడుముకున్నాడు. అక్కడ గుడ్డ లేదు.

ఓబక్క అది చూసింది. దొర వైపు తిరిగింది.

"తలపాగా తియ్యి."

"రాజుల ముందు తియ్యని తలపాగా ఇది!"

"వాడి గుడ్డ తొక్కింది నువ్వు. నా చీరకు ఇప్పటికే మూడు చిరుగులు. నాలుగోది నీ కోసం చించను. తియ్యి. లేదా ఇక్కడే ఎండు."

దొర ఒక గడియ బిగుసుకుని నిలబడ్డాడు. రెండు గడియలు నిలబడ్డాడు. ఆ బండల మధ్య కారు ఇంకా కాగింది గానీ చల్లారలేదు. మూడో గడియకు దొర నాలుక పిడచకట్టింది. తలపాగా తీశాడు.

ఓబక్క దాన్ని కడవలో ముంచి పంపుకు చుట్టింది. పంపు చుయ్యిమంది. బుడగలు ఒకటొకటే అణిగాయి. దస్తగిరి హ్యాండిలు తిప్పాడు. ఒక్క తిప్పుకే కారు పలికింది.

"పదరా, దస్తగిరీ" అన్నాడు దొర.

"ఆగు. వాడితో అనాల్సిన మాట ఉంది" అంది ఓబక్క.

"తప్పు నాది" అని గొణిగాడు దొర.

"వినపడలా!"

"తప్పు నాది!" ఈసారి కనుమ మూడు మలుపులూ ఆ మాటను తిరిగి పలికాయి.

ఎన్నో ఎండలు పోయాయి. ఒక ఎండలో ఓబక్క ఆ మలుపులోనే కూర్చుని కన్ను మూసింది. నెత్తిన కడవలు మూడూ అలాగే ఉన్నాయి. చుక్క తొణకలేదు. దస్తగిరి తన చేతులతో, పది వేళ్ళున్న చేతులతో, అక్కడ రాయి నాటాడు.

ఇప్పటి కార్లకు అట్లాంటి పంపులు లేవు. అయినా డ్రైవర్లు అక్కడ దిగుతారు. తలగుడ్డ తీస్తారు. రాయి మీద చెంబెడు నీళ్ళు పోస్తారు. కుర్చీలో కూర్చుని ఎవడైనా పనివాడి మీద నింద వేస్తే, "లేచి ఎండలోకి రా, ఓబక్క చూస్తోంది" అంటారు ఆ సీమలో.

నీళ్ళు పడగానే ఆ రాయి ఇప్పటికీ చుయ్యిమంటుంది. ఓబక్క కోపం ఇంకా ఆరలేదు. ఆరనివ్వకండి.