మైనం పట్టిన ఇసుక

ఒక రాజుకు అందరిమీదా అనుమానమే. వంటవాడి మీద, మంత్రి మీద, ఆఖరికి తన తలగడ మీద కూడా.

ఆ రాజ్యంలో నూనె పరీక్ష తాతలనాటిది. గిన్నెడు నీళ్ళలో గుప్పెడు ఇసుక వేసి, బొట్టు నూనె వదిలి, వేలితో కలిపేవారు. మంచి నూనె ఇసుకను వదిలి పైకి తేలేది. ఇసుకను పట్టుకుని కూర్చుంటే కల్తీ అన్నమాట. అలాంటి నూనె తెచ్చినవాళ్ళ గానుగ విరగ్గొట్టేవారు.

ఈ రాజుకు కొత్త బెంగ పట్టుకుంది. ఆ ఇసుకను ఎవరైనా మార్చేస్తే? దాంతో పెనంలో మైనం కరిగించి, రేణువు రేణువుకూ తన చేత్తోనే పట్టించాడు. ఇక ఎక్కడున్నా గుర్తుపడతాననుకుని ఆ పూట కాస్త కునుకు తీశాడు, పాపం.

మర్నాటినుంచి ఒక్క నూనె తేలితే ఒట్టు! పదకొండు గానుగలు విరిగాయి. "చూశారా, అందరూ దొంగలే. నేనెప్పుడో అనుకున్నాను" అని రాజు సంబరపడ్డాడు.

పన్నెండో గానుగ ఒక ఆడమనిషిది. మొగుడు పోయాక దాన్నే నమ్ముకుని ముగ్గురు పిల్లల్ని సాకుతోంది. తనే నువ్వులు చెరిగి, తనే ఆడించిన నూనె కాబట్టి జంకూ గొంకూ లేకుండా వచ్చింది. బొట్టు వేసి కలిపింది. నూనె ఇసుకను కరుచుకుని కదల్లేదు.

నా నూనె నాకు తెలీదా అనుకుని, గిన్నెలో చెయ్యి పెట్టి ఇసుక నలిపింది. నీళ్ళలో ఉన్న ఇసుక పొడిపొడిగా తగిలింది.

"దొరా, ఈ ఇసుక తడవడంలేదు. దీనికేదో పట్టించారు."

"ఎవరు పట్టించారంటావు?" అన్నాడు రాజు.

మంత్రి నేలచూపులు చూశాడు. ఆమె అది గమనించింది.

"ఆ సంగతి నాకెందుకు దొరా. ఏట్లోంచి గుప్పెడు ఇసుక తెప్పించండి. అందులోనూ తేలకపోతే నా గానుగ నేనే విరుచుకుంటాను."

తెచ్చారు. బొట్టు పడింది. వేలితో కలపగానే నూనె నిక్షేపంగా పైకి తేలింది. సభలో ఎవరో "అమ్మయ్య" అన్నారు. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి.

రాజు గిన్నెలోకి తొంగి చూశాడు.

"ఎప్పటినుంచి?"

"ఏమిటి దొరా?"

"ఏరు నీతో ఎప్పటినుంచి కుమ్మక్కయింది?"



మధ్యాహ్నానికల్లా గానుగ విరిగింది. ఏటి ఒడ్డున ఇద్దరు భటులను కాపలా పెట్టారు. పొద్దువాలే వేళ ఆమె పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి, దోసిలితో నీళ్ళు తీసుకుంది.

ఒక భటుడు దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఏమంటోంది ఏరు?"