నల్లరేవు కొలిమి బేరం

వంకరేటికి ఇవతలి ఒడ్డున ఎర్రగుట్టల అడవి ఉండేది. అందులో ఎలుగుబంట్లు, ముళ్ళపందులు, కుందేళ్ళు, దుప్పులు కలిసిమెలిసి బతికేవి. ఆ గుట్టల్లో ఇనుపరాయి దొరికేది. ఎలుగుబంట్లు దాన్ని కొలిమిలో కరిగించి పలుగులు, పారలు, గిన్నెలు చేసేవి. పులి జాడ కనిపిస్తే మోగించే గంటలు కూడా అక్కడే తయారయ్యేవి.

ఆ కొలిమికి పెద్ద ముత్తెమ్మ అనే ఎలుగుబంటి. భర్త పోయాక కొలిమి భారం ఆమె మీద పడింది. ముత్తెమ్మ నెమ్మదస్తురాలు. మాట ఇచ్చే ముందు చాలాసేపు ఆలోచించేది. ఆమె మరిది ఓబన్నది మాత్రం తొందరపాటు స్వభావం.

ఏటికి అవతల నల్లరేవు అడవి. అది ఏనుగుల రాజ్యం. అక్కడ తాటిచెట్టంత ఎత్తున ఒక పెద్ద కొలిమి ఉండేది. దాని పొగ ఇవతలి ఒడ్డుకి కూడా కనిపించేది. ఆ పొగను చూసి మబ్బు పట్టిందని కుందేలు పిల్లలు సంబరపడేవి.

ఒక రోజు పొద్దున పానకాలు అనే నక్క ఏరు దాటి వచ్చింది. పానకాలు బేరాలు కుదిర్చే నక్క. బేరం ఎంత పెద్దదైతే దాని వాటా అంత పెరుగుతుంది.

"అమ్మా ముత్తెమ్మగారూ! నల్లరేవు ఏనుగు గున్నయ్య తాత తన పెద్ద కొలిమిని అమ్మకానికి పెట్టాడు. మీరు కొంటే ఏటికి రెండు వైపులా మీ ఇనుమే!" అంది నక్క.

ముత్తెమ్మ అవతలి పొగ వైపు చూసింది. చిన్నప్పటి నుంచీ ఆ పొగను చూస్తూ పెరిగింది ఆమె.

"ఇంకెవరైనా అడుగుతున్నారా?" అంది.

"పడమటి కొండల అడవిదున్న భీమలింగం అడుగుతున్నాడు. ఆయన ఊరుకునే రకం కాదమ్మా. మీరే తొందరపడాలి."

"వదినా, ఆలోచించడానికేముంది! కొనేద్దాం" అన్నాడు ఓబన్న.

ముత్తెమ్మ వెంటనే సరే అనలేదు. అడవిలోని జంతువులన్నిటినీ కొలిమి ముందు కూర్చోబెట్టింది.

"మన తేనెలో సగం ఇస్తాను. ఇప్పపూలు ఇస్తాను. మరీ అవసరమైతే ఇనుపరాయి గుట్టల్లో ఒకటి ఇస్తాను. అక్కడితో ఆగిపోతాను. కరువు కోసం దాచుకున్న గింజల గాదెలు మాత్రం ముట్టుకోను. అవి మీ అందరివీ. ఈ మాట మీకు సమ్మతమేనా?" అని అడిగింది.

అందరూ సమ్మతమే అన్నారు.

మర్నాడు ముత్తెమ్మ, ఓబన్న తెప్ప మీద ఏరు దాటారు. భీమలింగం అప్పటికే వచ్చి కొలిమి చూసి వెళ్ళిపోయాడు. తల ఎత్తి కొలిమి కొస వరకూ చూశాడట. కొమ్ముతో గోడ మీద ఒక పోటు పొడిచాడట. "ఇది నాదైతే మూడు అడవుల్లో నా అంతటివాడు ఉండడు" అని మురిసిపోయాడట. అంతే, ఇంకేమీ అడగలేదట.

ముత్తెమ్మ సాయంత్రం దాకా అక్కడే ఉంది. పెద్ద కొలిమి పక్కన చిన్న చిన్న కమ్మరి పాకలు ఉన్నాయి. వాటిలో ముళ్ళపందులు కొడవళ్ళు సాగదీస్తున్నాయి. కొలిమిలోకి బొగ్గు గంపల మీద గంపలు పోస్తున్నారు. ఎంత పోసినా ఇంకా పోస్తూనే ఉన్నారు.

ముసలి ఏనుగు గున్నయ్య చెట్టు కింద నిలబడి చెవులు ఊపుకుంటున్నాడు. ముత్తెమ్మ దగ్గరికి వెళ్ళి దండం పెట్టింది.

"తాతా, ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. ఇంత మంచి కొలిమిని ఎందుకు వదులుకుంటున్నావు?"

గున్నయ్య ఇలా చెప్పాడు.

"ఈ మాట నువ్వే అడిగావమ్మా. అడిగిన వాళ్ళకు అబద్ధం చెప్పను. దీనికి ఆకలి ఎక్కువ. చుట్టుపక్కల కట్టె అంతా అయిపోయింది, ఇప్పుడు బొగ్గు దూరం నుంచి తేవాలి. పోనీ కొన్నాళ్ళు ఆపుదామా అంటే కుదరదు. ఒకసారి చల్లారితే లోపలి ఇనుము గడ్డకట్టి కొలిమి పగిలిపోతుంది. నా ఒంట్లో ఓపిక లేదు. నీకు ఓపిక ఉంటే ఇది బంగారు కొలిమే."

తిరిగి వచ్చేటప్పుడు తెప్ప మీద ముత్తెమ్మ వెనక్కి తిరిగి ఆ పొగనే చూస్తూ కూర్చుంది. ఆమెకు కొలిమి మీద ఆశ చావలేదు. దాంతోపాటు ఇప్పుడు భయం కూడా పట్టుకుంది.

బేరం రోజు వచ్చింది. ఏటి మధ్య ఇసుకతిన్నె మీద మూడు అడవుల జంతువులూ చేరాయి. భీమలింగం ఒళ్ళంతా ఎర్రమట్టి పూసుకుని, కొమ్ములు మెరిసేలా రుద్దుకుని వచ్చాడు.

"మా తేనెలో సగం, ఇప్పపూలు ఇస్తాం" అంది ముత్తెమ్మ.

"మా పచ్చిక బీడు ఇస్తాను" అన్నాడు భీమలింగం.

"మా ఇనుపరాయి గుట్ట ఒకటి కలుపుతాను."

"మా రెండో బీడు కూడా తీసుకోండి!"

జంతువులన్నీ ముత్తెమ్మ వైపు తిరిగాయి. నక్క ఆమె చెవి దగ్గరికి వచ్చి, "ఇంకొక్క మెట్టు ఎక్కండమ్మా! దున్న అలసిపోయింది. మీ గాదెల్లో ఒక్కటి కలిపారంటే కొలిమి మీదే" అని గుసగుసలాడింది.

"కలుపు వదినా! దున్నలు నవ్వుతున్నాయి చూడు!" అన్నాడు ఓబన్న.

నిజంగానే దున్నల మందలో ఎవరో నవ్వారు. ముత్తెమ్మ చెవులు వేడెక్కాయి. 'ఒక్క గాదె' అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. అప్పుడు ఆమెకు ఏనుగు చెప్పిన మాట మెదిలింది. కొనడానికే గాదె ఇస్తే, కొన్నాక దాన్ని మేపడానికి ఏమివ్వాలి?

"నేను ఇక్కడితో ఆగిపోతున్నాను" అంది ముత్తెమ్మ.

భీమలింగానికి అది వినిపించలేదో, వినిపించినా ఆగలేకపోయాడో తెలియదు. గెలుపు మత్తులో గట్టిగా రంకె వేశాడు. "మా మంద నీళ్ళు తాగే మడుగు కూడా ఇచ్చేస్తున్నా!"

దున్నల మందలో ఒక తల్లి తన దూడను దగ్గరికి లాక్కుంది. నక్క మాత్రం తోక ఊపింది. బేరం ముగిసింది, కొలిమీ దాని పక్కన పాకలూ భీమలింగానికి దక్కాయి.

ఇంటికి వచ్చాక ఓబన్న వదినతో మాట్లాడటం మానేశాడు. "పిరికితనం" అని ఒకరిద్దరు చాటుగా అనుకున్నారు. ముత్తెమ్మ ఆ మాటలు విని కూడా విననట్టే ఊరుకుంది. కాని కొలిమి తిత్తులు ఊదుతున్నప్పుడు ఆమె చూపు అవతలి పొగ మీదికే పోయేది. 'తప్పు చేశానా?' అని తనలో తానే చాలాసార్లు అనుకుంది. ఆ దిగులుకి తిండి కూడా సయించేది కాదు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. నేల రాయిలా గట్టిపడింది. దుంపలు తవ్వే పని లేదు కాబట్టి పలుగులు కొనేవారే లేకపోయారు. ముత్తెమ్మ తన చిన్న కొలిమిని ఆర్పేసి, బూడిద ఎత్తి, తిత్తులు మడిచి దాచింది. గాదెలు తెరిచి గింజలు పంచింది. అడవి అంతా అరకొరగానైనా తిని బతికింది.

భీమలింగానికి ఆ వెసులుబాటు లేదు. కొలిమిని ఆర్పితే పగిలిపోతుంది. ఆర్పకపోతే బొగ్గు కావాలి. ఆయన తన కొండల మీది చెట్లే కొట్టించి కాల్పించాడు. ఇనుము గుట్టలుగా పడి ఉంది, అడిగే దిక్కు లేదు. పచ్చిక బీళ్ళలో ఏనుగులు మేస్తున్నాయి. మడుగులో ఏనుగులు తాగుతున్నాయి. దున్న దూడలు నీళ్ళ కోసం ఎండలో ఏటి దాకా నడవాల్సి వచ్చింది.

కొన్నాళ్ళకు కొండల మీద చెట్లు కూడా అయిపోయాయి. ఒక మధ్యాహ్నం పెద్ద చప్పుడు వినిపించింది. ముత్తెమ్మ ఒడ్డుకి పరిగెత్తింది. అవతల పొగ లేదు. నల్లరేవు కొలిమి చల్లారి, నిలువునా పగిలిపోయింది.

ఆమె అలాగే ఇసుకలో కూర్చుండిపోయింది. పక్కనే ఓబన్న నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

"వదినా, ఆ రోజు నువ్వు నా మాట విని ఉంటే..." అన్నాడు.

"వినలేదుగా! తెప్ప కట్టు, అవతల ఎవరికైనా దెబ్బ తగిలిందేమో చూద్దాం" అంది ముత్తెమ్మ.

అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు. పెద్ద కొలిమి పోయినా పక్కనున్న కమ్మరి పాకలు చెక్కుచెదరలేదు. ముళ్ళపందులు వాటి ముందు దిగాలుగా కూర్చున్నాయి. భీమలింగం కొంచెం దూరంలో తల వంచుకుని ఉన్నాడు. ఒంటి మీద ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి.

"అక్కా, నన్ను చూసి నవ్వుకోవడానికి వచ్చావా?" అన్నాడు.

"లేదు తమ్ముడూ. ఆ ఇసుకతిన్నె మీద నేను కూడా నోరు జారబోయాను. ఇప్పుడు బేరానికి వచ్చాను. ఈ పాకలు నాకిస్తావా? వీటిని కావలసినప్పుడు వెలిగించుకోవచ్చు, వద్దన్నప్పుడు ఆర్పుకోవచ్చు. ఈ ముళ్ళపందులు ఎక్కడికీ పోనక్కర్లేదు."

"తీసుకో. ఊరికే తీసుకో. నాకింకేం కావాలి?"

"నీకు మడుగు కావాలి" అంది ముత్తెమ్మ.

ఆమె గున్నయ్య దగ్గరికి వెళ్ళింది. "తాతా, మీకు ఏరు దగ్గరే. దున్నలకు ఆ మడుగు తప్ప దగ్గర్లో వేరే దిక్కు లేదు. ఏటా మా ఇప్పపూలు మీకు పంపిస్తాను. మడుగు వాళ్ళకు వదిలెయ్యి. దానికి బదులుగా భీమలింగం పాకలు నాకిస్తాడు."

ఏనుగులకు ఇప్పపూలంటే ప్రాణం. గున్నయ్య తొండం ఎత్తి నవ్వాడు. "సరేనమ్మా. దాహంతో తిరిగే దూడల్ని చూసి నాకూ మనసు బాగోలేదు. ఈ బేరంతో నాకూ బరువు దిగింది."

కబురు అందగానే దున్నల మంద మడుగు వైపు పరుగు తీసింది. దూడలు నీళ్ళలోకి దూకి, ఒకదాని మీద ఒకటి పడి, మూతులు ముంచి తాగాయి. భీమలింగం గట్టు మీదే నిలబడ్డాడు. అవన్నీ తాగి పైకి వచ్చేదాకా తను ఒక్క గుక్క కూడా తాగలేదు. బేరాల పేరుతో మళ్ళీ ఎప్పుడూ మంద సొత్తు జోలికి పోలేదు. పానకాలు నక్క ఆ తర్వాత మూడు అడవుల్లోనూ కనిపించలేదు.

మరుసటి ఏడు వానలు బాగా పడ్డాయి. పలుగులకు, కొడవళ్ళకు గిరాకీ వచ్చింది. ఏటికి ఇవతల ముత్తెమ్మ కొలిమి, అవతల ఆమె పాకలు కళకళలాడాయి. ఇనుపరాయి తెప్పల మీద అటు వెళ్ళేది, కొడవళ్ళు ఇటు వచ్చేవి.

ఒక సాయంత్రం తెప్ప మీద ఇంటికి వస్తూ ముత్తెమ్మ ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది.

"ఏమైంది వదినా?" అన్నాడు ఓబన్న కంగారుగా.

"ఏమీ లేదురా. ఆకలేస్తోంది. ఇంత ఆకలి వేసి ఎన్నాళ్ళయిందో! తొందరగా తెడ్డు వెయ్యి" అంది ముత్తెమ్మ.

నీతి: పోటీలో గెలవాలన్న పంతంతో పదిమంది సొత్తు పణంగా పెట్టేవాడు గెలిచి కూడా నష్టపోతాడు, ఎక్కడ ఆగాలో ముందే తెలుసుకున్నవాడు తనవారిని కాపాడుకుని వృద్ధిలోకి వస్తాడు.