కొండతాత మాట మోసిన చలిచీమలు

ఒకప్పుడు చీమలు ఎదురుపడినా ఆగేవి కావు. ఎవరి గింజ వాళ్లది, ఎవరి దారి వాళ్లది.

ఆ రోజుల్లో అడవిలో పెద్ద చదువులు చెప్పేది కొండతాత, అంటే అడవి నడుమ ఉన్న కొండే. ఆయన గొంతు ఎలా ఉండేదనుకున్నారు? చెవికి వినపడదు. నేలకు తల ఆనిస్తే లోపలెక్కడో గుమ్మని కదిలేది. ఒళ్లు జలదరించేది. ఒక్క చిన్న పాఠం పూర్తయ్యేసరికి పొద్దు కుంకేది, అంత నిదానం మరి.

ముందు వరసలో కూర్చునేది గంగులనే బోదురుకప్ప. తెలివైనవాడే, కాదనను. కానీ ఓపికా? అబ్బే! ఓ పొద్దున తాత "వాన" అన్నాడు. చాలాసేపటికి "వస్తుంది" అన్నాడు. అంతే, ఇక వినేదేముంది, నాకంతా తెలిసిపోయిందంటూ గంగులు లేచాడు. గట్టెక్కి ఆ రెండు మాటలే అడవంతా చాటాడు. మిగతావాళ్లూ వాడి వెనకే పోయారు.

చలిచీమ పుల్లమ్మ మాత్రం కదల్లేదు. వాగు ఒడ్డు పుట్టలో వాళ్లమ్మ పెట్టిన గుడ్లున్నాయి. వాన అనగానే దానికి ఆ గుడ్లే గుర్తొచ్చాయి. కానీ రోజంతా వినడం చీమ ప్రాణానికి అయ్యే పనా? ఒక్క మాట వినేసరికే అలసిపోయింది.

అందుకని చెల్లెళ్లందర్నీ పిలిచింది. ఒక్కొక్కరూ ఒక్కో మాట వినాలి. వెళ్లేటప్పుడు తర్వాత వచ్చేదాని తలకు తల ఆనించి, అప్పటిదాకా చెప్పిందంతా అప్పగించాలి. ఒక్క మాట జారిపోయినా గుడ్లు దక్కవు. ఆ భయంతో ఏ చీమా ఊపిరి కూడా గట్టిగా తీయలేదు.

పొద్దు వాలేవేళకు ఆఖరి చెల్లెలు వచ్చి పుల్లమ్మ తలకు తల ఆనించింది.

"వాన వస్తుంది. వాగు పుట్టను ముంచుతుంది. బండ మీదికి పోండి."

బిలబిలమంటూ చీమలన్నీ గుడ్లు నోట కరుచుకుని బండెక్కాయి. ఆఖరి గుడ్డు పైకి చేరిందో లేదో, వాన దంచికొట్టి వాగు హోరున వచ్చి పుట్టను ఊడ్చుకుపోయింది. గంగులు వరదలో కొట్టుకుపోతూ కూడా వాన వస్తుందనే అరిచాడు. ఎలాగో బతికాడు లెండి.

పుల్లమ్మ తడి బండకు తల ఆనించింది.

"అంత పెద్దాయన మన గుడ్ల కోసం రోజంతా మాట్లాడాడే," అంది మెల్లగా.

అప్పటినుంచే కప్పలు వానకు ముందు ఆ సగం పాఠాన్నే అరుస్తాయి. చీమలు మాత్రం ఎంత పనిలో ఉన్నా, ఎదురుపడితే ఆగి తలకు తల ఆనిస్తాయి. కొండతాత ఇంకేమైనా అన్నాడేమోనని.