రేకు తీసే చేతులు

దగ్గరికి జరిగి కూర్చోండి. వెనకున్న అమ్మలూ, మీరూ ముందుకు రండి. మన ఒంటి మీది చర్మంలో దేవుడు ఎంత పని దాచాడో ఈ కథలో వింటారు.

ఆత్రేయపురంలో వెంకాయమ్మ అనే పూతరేకుల పనిమంతురాలు ఉండేది; ఆవిడ చేతులు ఒక్క నిమిషం ఊరుకునేవి కావు. పిండినీళ్ళలో ముంచిన గుడ్డను కాలే కుండ మీద పరిచి లాగితే పొగలాంటి రేకు నిలిచేది. దాన్ని కొనగోటితో చిరగకుండా ఊడదీసేది. అలవాటు ఎలాంటిదంటే, ఏ పొర కనిపించినా ఆవిడ గోరు ఆగేది కాదు.

కోడలు హైమ కడుపుతో ఉండగా కాలి మీద చిన్న పొక్కు లేచింది. చూస్తుండగానే పుండైంది. అంచులు వంకాయ రంగుకి తిరిగాయి. వెంకాయమ్మ రోజూ వేపాకు నీళ్ళతో కడిగి, పైన కట్టిన పొరను గోటితో తీసి, పసుపు అద్దేది. తీసినకొద్దీ పుండు పెరిగింది.

"మీ రేకులకిచ్చే మర్యాద నా కాలికి లేదా అత్తయ్యా?" అని హైమ ఏడుస్తూనే నవ్వింది.

పక్కింటి సుబ్బులు ముక్కు మూసుకుని, "అంటురోగమేమో వదినా, దూరంగా పడుకోబెట్టు" అంది.

"నీ నోటికున్నంత అంటు దానికి లేదులే" అంది వెంకాయమ్మ. పైకి అలా అందే గానీ, లోపల భయం పట్టుకుంది. కోడల్ని తీసుకుని రాజమండ్రి వెళ్ళింది.

చర్మం డాక్టరమ్మ పరీక్షలు చేయించి, "ఇది అంటదు. అరుదైన జబ్బు. ఒంటిని కాపాడాల్సిన కణాలే దారితప్పి ఒంటి మీద పడుతున్నాయి. గీరితే ఇంకా రెచ్చిపోతాయి. ఎవరు గీరుతున్నారు?" అని అడిగింది.

"నేనేనండి. శుభ్రం చేద్దామని..."

"ప్రేమతోనే చేశారమ్మా. ఇక గోరు తగలకూడదు. బిడ్డకి ఇబ్బంది రాకుండా చూసుకుంటూ మందిస్తాను. కానుపులో కోత పడితే అదీ ఇలాగే పుండు కావచ్చు. అందుకే కానుపు డాక్టరుతో ఇప్పుడే మాట్లాడి పెడతాను."

మందు పడ్డాక నొప్పి తగ్గింది. ఒక ఉదయం ఆసుపత్రిలో నర్సు కట్టు విప్పింది. పుండు అంచున పల్చటి పొర మెరిసింది. వెంకాయమ్మ గోరు దానంతటదే ముందుకు పోయింది. హైమ పళ్ళు బిగించి కళ్ళు మూసుకుంది. ఆ ముఖం చూసి వెంకాయమ్మ ఆగింది. రెండు చేతులూ కొంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇదేంటమ్మా?" అంది నర్సుతో.

"కొత్త చర్మం, పిన్నిగారూ."

వెంకాయమ్మ వంగి చూసింది. తన రేకుకి కుండ కావాలి, మంట కావాలి. ఇక్కడ నిప్పూ లేదు, పిండీ లేదు. అంచుల నుంచి నడిమికి ఒక రేకు తనంతట తానే పరుచుకుంటోంది. 'స్వామీ, నీ పనికి ఇన్నాళ్ళూ నా చెయ్యి అడ్డం పెట్టానా' అనుకుంది.

కట్టు విప్పిన ప్రతిసారీ ఆవిడ చేతులు కొంగులోనే ఉండేవి. నెలలు నిండాయి. కోత లేకుండానే ఆడపిల్ల పుట్టింది. తల్లి కాలి మీద పుండు పూడి, మచ్చ మాత్రం మిగిలింది.

నాయనలారా, మనవాళ్ళ బాధ చూసి మీ చెయ్యి ఆత్రపడినప్పుడు, వెంకాయమ్మ చేతులు కొంగులో చుట్టుకున్న ఆ ఒక్క పని గుర్తు తెచ్చుకోండి. మీరూ అలాగే చెయ్యండి. తెలియని గాయం దగ్గర, తెలిసినవారి మాట విని చెయ్యి ఆపుకోవడం కూడా సేవే.